ఎయిర్ ఫ్రయర్‌లో పంది టాకోలు, జేజి రాగి రొట్టెలు

మన ఇంట్లో పంది మాంసం 2021 దాకా వంటింట్లో ఉడకలేదు. తినలేదని కాదు. తిన్నారు, బాగానే తిన్నారు. కానీ పెరట్లో, చింతచెట్టు కింద, మూడు రాళ్ళ పొయ్యి మీద, దానికోసమని వేరే పెట్టిన కుండలో. ఆ కుండ గడప దాటి లోపలికి వచ్చేది కాదు. గరిటె కూడా వేరే. వండేది మగవాళ్ళే. తిన్నవాళ్ళు బావికాడ చేతులూ నోరూ కడుక్కొని, కొందరైతే తలకు పోసుకొని, అప్పుడు ఇంట్లోకి వచ్చేవాళ్ళు. డల్లాస్‌లో, హైదరాబాదులో ఉన్న మన పిల్లలు ఇది చదివి నవ్వుతారని తెలుసు. నవ్వండి. ఇది మన జేజి కళ్ళారా చూసింది, నాకు చెప్పింది.

అందులోనూ ఒక లెక్క ఉంది. ఆ కుండలో పడేది అడవి పంది మాత్రమే, ఊరపంది కాదు. ఆనేకల్ వైపు, అడవి అంచున ఉన్న బంధువుల ఊళ్ళకు జేజినాయన, ఆయన తమ్ముళ్ళు వేటకు పోయేవాళ్ళంట. పంది పడితే భాగాలు వేసుకొని ఎద్దుల బండిలో కుందలహళ్ళికి తెచ్చేవాళ్ళు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చినాక ఆ ముచ్చట ముగిసింది, కుండ మూలకు పడింది. ఊరపందిని పెంచేవాళ్ళు, కోసేవాళ్ళు, తినేవాళ్ళు ఊరి చివర ఉండేవాళ్ళు. “వాళ్ళు పంది తినేవాళ్ళు” అనే మాట మన పెద్దల నోట కూర గురించి వచ్చేది కాదు, కులం గురించి వచ్చేది. తుపాకీతో పడేసిన పందికి పౌరుషం, పెంచి కోసిన పందికి మైల. జంతుశాస్త్రం లెక్కలో రెండూ ఒకటే జాతి, అడవి పందినే మనుషులు మచ్చిక చేసుకున్నారు. ఇంటి చరిత్ర రాస్తున్నామని చెప్పుకొని ఈ సంగతి వదిలేసి, చెరుకు గానుగ గురించీ బావి గురించీ మాత్రమే రాసుకుంటూ కూర్చోవడం నాకు నచ్చదు.

ఆ తర్వాత చిన్నాయన. హెచ్.ఎ.ఎల్.లో ఆయనతో పాటు కొడగువాళ్ళు పనిచేసేవాళ్ళు. వాళ్ళ పంది కర్రీ ఆయనకు ప్రాణం. మసాలా మాడేదాకా వేయించి, కాచంపులి అనే నల్లటి పులుసు పోసి చేసే కూర అది. చింతపండులాగానే పుల్లటి ఒక అడవికాయ రసాన్ని చిక్కగా కాచి తీసేది కాచంపులి. స్నేహితులు కట్టిచ్చిన కూరను చిన్నాయన టిఫిన్ క్యారియర్‌లో తెచ్చుకొని, గేటు బయట స్కూటర్ మీద కూర్చొని తిని, క్యారియర్ అక్కడే కడిగి, అప్పుడు లోపలికి వచ్చేవాడు. ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ అడగరు. చిన్నమ్మ మాత్రం ఆ పూట ఆయనకు సంగటి ముద్ద ఒకటి తక్కువ చేసేది.

మనకు నాలుగైదు కిలోమీటర్ల దూరంలో వైట్‌ఫీల్డ్ ఉంది. 1882లో ఆంగ్లో-ఇండియన్ల కోసం ఏర్పడిన ఊరు. అక్కడ పంది మాంసం, దాని విందాలూ ఎప్పుడూ కొత్త కాదు. అయినా ఆ వాసన మన వీధిదాకా రాలేదు. వచ్చింది 1990ల తర్వాతే. ఐటీపీఎల్ కట్టారు, రాగి చేలు సైట్లయినాయి, సైట్లు మేడలయినాయి, మేడల మీద అద్దెకు నాగాలాండ్ నుంచి, మణిపూర్ నుంచి పిల్లలు దిగినారు. వెదురు మొలకలతో పంది కూర వాళ్ళకు ఆదివారం వంట. మన పై అంతస్తు అద్దె కాగితంలో మా నాయన ఒక వాక్యం రాయించేవాడు: నాన్‌వెజ్ వండుకోవచ్చు, పోర్క్ వద్దు. కోడి, వేట, చేప అన్నీ తినే ఇంటి షరతు ఇది.

ఇంత చరిత్ర ఉన్న ఇంట్లోకి ఎయిర్ ఫ్రయర్ వచ్చింది. కోవిడ్ రెండో విడతప్పుడు మా అమ్మాయి డల్లాస్ నుంచి వచ్చి ఇక్కడే ఉండి పని చేసుకుంటూ ఉంటే కొన్నది. డల్లాస్‌లో తెలుగువాళ్ళకు టాకో అంటే మనకు దోసె లాంటిది. రాత్రి పదికి ఆకలేస్తే పోయి తినేది. అది కావాలని దాని బాధ. దాన్ని తెచ్చి యుటిలిటీలో, వాషింగ్ మెషీన్ పక్కన పెట్టింది. జేజి మంచం ఆ కిటికీకి ఎదురుగానే.

“దాంట్లో నిప్పుందా?” అని జేజి అడిగింది.

“లేదు జేజీ, ఉడుకు గాలి. గాలితోనే వేగుతుంది.”

“గాలికి మైల యాడుందమ్మీ? చేసుకో.”

అంతే. యాభై ఏళ్ళ పంచాయితీ ఒక మాటతో తెగింది. యుటిలిటీ ఇంటి లోపలా బయటా అని జేజి అడగలేదు, మేమూ తెలియజెప్పలేదు.

జేజి అన్నది నిజమే కూడా. పేరు ఫ్రయరే కానీ అది నూనెలో వేయించదు. పైన ఒక కాయిల్, దాని పైన ఒక ఫ్యాన్. చిన్న డబ్బాలో ఉడుకు గాలి గట్టిగా తిరుగుతుంది, ముక్క పైతడి తొందరగా ఆరిపోయి ఎర్రగా కాలుతుంది. ఫిలిప్స్ వాళ్ళు 2010లో బెర్లిన్‌లో మొదట చూపించిన సరుకు. పంది మాంసానికి ఇది కోడి కన్నా బాగా కుదురుతుంది, ఎందుకంటే కొవ్వు దాంట్లోనే ఉంది. నూనె చుక్క అక్కర్లేదు.

ఇక చేసే విధానం. అంగడిలో తోలూ కొవ్వూ ఎముకా అన్నీ కలిపి కర్రీ కట్ ఇస్తారు, అది దీనికి పనికిరాదు. భుజం మాంసం, బోన్‌లెస్, తోలు లేకుండా అడగండి. నాలుగో వంతు కొవ్వు ఉంటే చాలు. అర కిలో. భుజం ముక్క గట్టిది, పెద్ద ముక్కలుగా వేస్తే గంటలు ఉడకాలి, అందుకని చిటికెన వేలి కన్నా సన్నగా, పోగులకు అడ్డంగా కోసుకోవాలి. తొందరగా అయ్యే రహస్యం మిషన్‌లో లేదు, కత్తిలో ఉంది.

మసాలాకు మెక్సికో మిరపకాయలు వెతకొద్దు. వాళ్ళ గ్వాహియో మిరపకాయ చేసే పని మన బ్యాడిగి చేస్తుంది: రంగెక్కువ, కారం తక్కువ. ఆరు బ్యాడిగి మిరపకాయలు ఉడుకు నీళ్ళలో నానబెట్టి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఒక చెంచా జీలకర్ర, చిన్న ఎర్రగడ్డ ఒకటి, ఉప్పు, చిటికెడు బెల్లం వేసి రుబ్బాలి. పులుపుకు ఒక చెంచా వెనిగర్, లేదంటే అర చెంచా కాచంపులి. చిన్నాయన జ్ఞాపకానికని నేను కాచంపులే వేస్తా. ఒరెగానో బదులు పెరట్లోని దొడ్డపత్రె ఆకులు రెండు. అదే వామాకు, దాన్ని క్యూబన్ ఒరెగానో అని కూడా అంటారు. చివరికి రెండు చెంచాల అనాసపండు గుజ్జు. అనాసలో బ్రొమెలైన్ అనే ఎంజైమ్ మాంసాన్ని మెత్తబరుస్తుంది. అర గంట చాలు. రాత్రంతా పెడితే ముక్క పిండిలాగా అయిపోతుంది.

మిషన్‌ను 200 డిగ్రీల మీద మూడు నిమిషాలు వేడి చేసి, ముక్కలు ఒక్క వరసగా పరచాలి. కుప్పగా వేస్తే వేగవు, ఆవిరికి ఉడుకుతాయి. రెండు వాయిలుగా చేయండి. పన్నెండు నుంచి పద్నాలుగు నిమిషాలు, మధ్యలో ఒకసారి బుట్ట తీసి కుదపాలి. కొవ్వు కిందికి కారి పొగ వస్తుంది. బుట్ట కింద డ్రాయర్‌లో రెండు మూడు చెంచాల నీళ్ళు పోసిపెడితే ఆ పొగ రాదు.

“పంది తింటే మెదడులోకి పురుగు పోతుంది” అని మన చుట్టాల్లో ప్రతి పెళ్ళిలో ఒకరు చెప్తారు. భయం ఊరికే పుట్టలేదు, జబ్బు నిజమైనదే, ఫిట్స్ వస్తాయి. కానీ దారి వేరు. సరిగా ఉడకని పంది మాంసం తింటే వచ్చేది పేగులో బద్దెపురుగు. మెదడుకు పోయేది ఆ పురుగు గుడ్ల నుంచి. ఆ గుడ్లు పురుగున్న మనిషి మలం ద్వారా నీళ్ళకూ, పచ్చి కూరగాయలకూ, కడగని చేతులకూ అంటుకొని మన నోట్లోకి వస్తాయి. జన్మలో మాంసం ముట్టనివాళ్ళకు కూడా రావచ్చు. కాబట్టి మాంసం లోపల పచ్చి లేకుండా చూసుకోండి, ఇంత సన్నటి ముక్కకు పద్నాలుగు నిమిషాలంటే ఆ బెంగ లేదు. పైన చల్లుకునే కొత్తిమీర మాత్రం బాగా కడగండి.

రొట్టె దగ్గర మేము చాలా రోజులు తన్నుకున్నాం. అంగడి మొక్కజొన్న పిండితో చేస్తే మడత దగ్గర పుటుక్కున విరుగుతుంది. మా అమ్మాయే చెప్పింది కారణం: మెక్సికోవాళ్ళు మొక్కజొన్నను సున్నం నీళ్ళలో ఉడకబెట్టి, పొట్టు పోగొట్టి, ఆ గింజను రుబ్బుతారు. అప్పుడే ఆ పిండికి జిగురు వస్తుంది. గింజలో కట్టుబడి ఉన్న ఒక విటమిన్ కూడా దానివల్లే ఒంటికి పడుతుంది. యూరప్‌వాళ్ళు మొక్కజొన్నను తీసుకుపోయినారు కానీ సున్నం సంగతి వదిలేసినారు, దాన్నే నమ్ముకొని బతికిన పేదలకు పెల్లాగ్రా జబ్బు వచ్చింది. ఇది విని జేజి తన వక్కాకు సంచి వైపు చూసింది. “సున్నం నాకాడుంది గానీ, మీకు రాగి పిండి ఉండగా జొన్నలెందుకు?” అనింది.

రాగిలోనూ జిగురు లేదు. దానికి మన ఉపాయం మరిగే నీళ్ళు. ఒక గ్లాసు నీళ్ళు ఉప్పేసి మరగబెట్టి, ఒక గ్లాసు రాగి పిండి పోసి, మూత పెట్టి దించి, చెయ్యి ఓర్చుకునేంత వేడిలో పిసకాలి. నిమ్మకాయంత ఉండను అరిటాకు మీద అరచేయంత వెడల్పు తట్టి పెనం మీద కాల్చి, గుడ్డలో చుట్టి పెట్టాలి. వేడిగా ఉన్నంత సేపు చక్కగా మడత పడుతుంది. ఆరినాక పడదు. జేజికి చేతులు వణుకుతాయి కానీ తట్టేది ఇప్పటికీ ఆమే. మేము తడితే అంచులు పగులుతాయి.

రోట్లో కాల్చిన టమాటా, పచ్చిమిరపకాయ, ఉప్పు వేసి నూరితే అదే వాళ్ళ సాల్సా. వాళ్ళకూ రాతి రోలే ఉంది. బటర్ ఫ్రూట్‌ను మనం జ్యూస్ అంగట్లో పాలు చక్కెర పోయించుకొని తాగుతాం, దాన్నే నిమ్మరసం, ఉప్పు వేసి మెదిపి పక్కన పెట్టాలి. సన్నగా తరిగిన ఎర్రగడ్డ, కొత్తిమీర, అనాస ముక్కలు.

ఒక్క మాట ఇక్కడ. టాకో మెక్సికోదే కానీ పంది మెక్సికోది కాదు. 1493లో కొలంబస్ రెండోసారి ఓడలో ఎక్కించుకొని పోయేదాకా అమెరికా ఖండాల్లో ఈ పంది లేదు. ఈ అనాస వేసిన పంది టాకో అయితే ఇంకా కొత్తది, లెబనాన్ వైపు నుంచి వలసపోయినవాళ్ళ షవర్మా నుంచి పుట్టింది. వాళ్ళు గొర్రె మాంసంతో చేసేదాన్ని మెక్సికోలో పందితో చేసినారు. అటు నుంచి మనకొచ్చినవి మిరపకాయ, టమాటా, మొక్కజొన్న, అనాస. పోర్చుగీసువాళ్ళు రాకముందు మన ఊరిబిండిలో మిరపకాయే లేదు. మిరపకాయకు కుండ వేరే పెట్టమని ఎవరూ అనలేదు మరి.

టాకోలో నాకు అన్నిటికన్నా నచ్చేది వడ్డన. ఎవరి రొట్టె వాళ్ళ చేతిలో ఉంటుంది, ఎవరికి కావలసింది వాళ్ళు పెట్టుకుంటారు. బల్ల మీద పంది గిన్నె ఒక పక్క, పితికిన పప్పు కూర గిన్నె ఇంకో పక్క. జేజి, అమ్మ పప్పు పెట్టుకుంటారు. అవరేకాయ కాలం కాకపోతే అలసందలు. మిగతావాళ్ళం ఇది. గరిటెలు వేరే, బల్ల ఒకటి. చిన్నాయన మొదటిసారి కుర్చీలో కూర్చొని పంది తిన్న రోజు డెబ్బై రెండేళ్ళవాడు. నిమ్మకాయ పిండుకొని మూడు తిన్నాడు, ఏమీ మాట్లాడలేదు. చిన్నమ్మ నాలుగోది తానే చుట్టి ఇచ్చింది.

2022లో పై అంతస్తు మళ్ళీ అద్దెకిచ్చేటప్పుడు పాత కాగితం నకలు తీస్తూ నాయన ఆ పోర్క్ వాక్యం దగ్గర ఆగి, పెన్నుతో కొట్టేసి నాకిచ్చాడు. ఇప్పుడు పైన ఉండేది దీమాపూర్ పిల్లలు. పోయిన డిసెంబరులో ఒక డబ్బాలో పొగబెట్టిన పంది ముక్కలు పంపినారు. అవి ఎయిర్ ఫ్రయర్‌లో ఆరు నిమిషాలు చాలు, ఇంకా పెడితే చెక్కలవుతాయి.

డల్లాస్‌వాళ్ళకు ఒక మాట: మీకక్కడ సున్నంతో చేసిన మాసా పిండే దొరుకుతుంది, తెలుసు. అయినా ఇండియన్ స్టోర్‌లో రాగి పిండి తెచ్చి ఒకసారి తట్టి చూడండి. అంచులు పగలకుండా వస్తే ఫొటో పంపండి. జేజి చూస్తానంది, కళ్ళద్దాలు తుడిచి పెట్టుకుంది కూడా.