లోపలి టైరుకి చెయ్యందాలి

వెనక జోడీ టైర్లలో ముందు పోయేది చాలాసార్లు లోపలిదే. దాని తయారీలో లోపమేమీ ఉండదు. గాలి చూసేవాడి చెయ్యి దానిదాకా వెళ్ళదు, అంతే. లోపలి టైరు వాల్వు బయటి డిస్కు వెనకాల, రెండు చక్రాల సందులో ఉంటుంది. డిస్కు కన్నంలోంచి వేళ్ళు దూర్చాలి, బురదలో తడమాలి, పట్టేసిన క్యాపు తిప్పాలి. అర్ధరాత్రి ఒంగోలు బైపాసులో బండి ఆపిన క్లీనరు ఇదంతా చేస్తాడా? రాడ్డుతో రెండు దెబ్బలు వేసి, "బానే ఉందన్నా" అని క్యాబిన్ ఎక్కేస్తాడు.

రాడ్డు దెబ్బకి తెలిసేది టైరు పూర్తిగా దిగిందా లేదా అన్నదొక్కటే. 100 పీఎస్ఐ ఉండాల్సిన చోట 80 ఉంటే చప్పుడులో తేడా దొరకదు. కానీ 20 శాతం తగ్గిందంటే మన వృత్తిలో అది ఫ్లాటు కిందే లెక్క. పక్క టైరు మీద బరువు ఎక్కువ పడుతుంది, ఇది పక్కగోడలు నలుగుతూ వేడెక్కుతుంది. రేడియల్ అయితే పక్కగోడలోని ఉక్కు తీగలు దెబ్బతిని ఉండొచ్చు. అలాంటి టైరుకి బండిమీదే గాలి కొట్టకు తమ్ముడూ. వాల్వులోని పిన్ను తీసి గాలంతా వదిలెయ్. ఆ తర్వాతే నట్లమీద స్పానర్ పెట్టు. టైరు విప్పి లోపలంతా తడిమి చూడు. బాగుందని నమ్మకం కుదిరాకే, ఇనప బోనులో పెట్టి, పక్కకి నిలబడి గాలి పట్టు. రింగు రిమ్ము అయితే ఈ మాటకి తిరుగులేదు.

విజయవాడ ఆటోనగర్‌లో నాకు పని నేర్పిన మేస్త్రీ, చక్రం ఎంత తొందరగా బిగించావని ఏనాడూ అడగలేదు. "వాల్వు ఎటు పెట్టావురా?" అనేవాడు. బయటి చక్రం ఎక్కించేటప్పుడు దాన్ని స్టడ్లమీద తిప్పి చూసుకోవాలి. కన్నం సరిగ్గా లోపలి వాల్వుకి ఎదురుగా రావాలి. బయటి టైరు వాల్వు దానికి అవతలి వైపున, 180 డిగ్రీల్లో ఉండాలి. అలా ఉంటే నాజిల్‌కి రెండూ అడ్డం రావు. చీకట్లో బయటిది దొరికితే లోపలిది ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు. జాకీ దించకముందు ఆయన తన చెయ్యే కన్నంలో పెట్టి చూసేవాడు. వేళ్ళకి వాల్వు అందకపోతే చక్రం మళ్ళీ ఊడదీయించేవాడు, డ్రైవరు హారన్ కొడుతున్నా సరే. లోపలి వాల్వున్న కన్నం పక్కన పసుపు రంగు చుక్క పెట్టడం కూడా ఆయన దగ్గర నేర్చిందే.

కన్నం కుదిరినా చేతికి ఇరుకే. అక్కడ ఎక్స్‌టెన్షన్ కావాలి. గట్టి లోహపు గొట్టం చవక, కానీ దాన్ని గాల్లో వదిలేస్తే బండి కుదుపులన్నీ వాల్వు మొదలే భరించాలి. ఒక కంకర టిప్పర్‌కి ఎవరో ఆసరా లేకుండా అలా బిగించి పంపారు. వాల్వు మొదట్లో చీలి, లోపలి టైరు దిగి, క్వారీ దారిలోనే బండి ఆగిపోయింది. నేను అల్లిక తీగ చుట్టిన మెత్తటి గొట్టమే వాడతాను. దాని చివర కన్నంలో రబ్బరు బుష్‌తో కదలకుండా కూర్చోవాలి. గొట్టం మెలి తిరగకూడదు, బ్రేకు డ్రమ్ముకి తగలకూడదు, రెండు టైర్ల మధ్యకి జారకూడదు. అక్కడ ఒక కంకర రాయి ఇరుక్కున్నా చాలు, గొట్టాన్ని కోసేస్తుంది.

ఇంకొకటి గుర్తుపెట్టుకో. ఎక్స్‌టెన్షన్ తగిలించాక గాలికి కాపలా దాని చివరికి మారుతుంది. పాత వాల్వులో పిన్ను తీసేసినా, ఉంచి లోపలి సూదితో నొక్కిపెట్టినా ఫలితం ఒకటే. కాబట్టి ప్రతి జాయింటుకీ సబ్బునీళ్ళు పూసి, బుడగ రాదని తేలేదాకా కూర్చో. లోపల రబ్బరు వాషరున్న లోహపు క్యాపే పెట్టు. పిన్ను కొంచెం కారినా గాలిని ఆపేది ఆ క్యాపే. 10.00-20 ట్యూబు టైరైతే వాల్వు రిమ్ము గాడిలో వంకరపడకుండా చూడు. అక్కడ వంకరపోతే ఏ గొట్టమూ దాన్ని సరిచేయదు. 22.5 ట్యూబ్‌లెస్ అయితే టైరు మార్చినప్పుడల్లా వాల్వు కింద రబ్బరు కొత్తది వెయ్.

నాకు మొదట పేరొచ్చింది కైకలూరు వైపు చేపల లారీతో. మంచు కరగకముందే హౌరా చేరాలి, దారిలో లోపలి టైర్లు పేలుతున్నాయి. ఓనరు టైర్ల కంపెనీలు మారుస్తూ పోయాడు. లోపల గాలి ఎప్పుడు చూశావని డ్రైవర్ని అడిగితే "టైరు ఎక్కించిన రోజు" అన్నాడు. కన్నాలు కుదిర్చి, గొట్టాలు బిగించి, గేజీ వాడకం అతనికి చూపించాను. మా మేస్త్రీ వచ్చి ప్రతి కన్నంలోనూ చెయ్యి పెట్టి, ఏమీ అనకుండా వెళ్ళాడు. ఆయన ఏమీ అనలేదంటే పని నచ్చినట్టే. కొన్నాళ్ళకి ఓనరు మిగతా లారీలు కూడా మా షెడ్డుకే పంపాడు.

ఇప్పుడు చాలా లారీల్లో క్లీనరే లేడు, ఒక్క డ్రైవరే అన్నీ చూసుకోవాలి. అందుకే బండి వదిలేముందు గేజీ అతని చేతికియ్యి. టైర్లు చల్లగా ఉన్నప్పుడు లోపలివి అతన్నే చూడమను. నువ్వు పక్కన నిలబడు. నీ సాయం లేకుండా అంకె చదవగలిగితేనే బిల్లు రాయి.