కంచె మీది నీలం

ఉస్మాన్‌గంజ్ టోకు వ్యాపారపు చోటు. అక్కడ బేరమంతా బస్తాల లెక్కనే. మూటలు మోసే హమాలీలకు దారి ఇస్తూ, మొజంజాహీ మార్కెట్ దాకా ఉన్న సందుల్లో మేము వెతికింది మాత్రం గుప్పెడు సరుకు. మా ఏజెన్సీ బడి తోటకు పూల విత్తనాలు. పిల్లలు ఎరుపు, పసుపు అడగలేదు. అవి మోదుగు, తంగేడు ఏటా ఇస్తూనే ఉన్నాయి. నీలం పూలు కావాలన్నారు.

ఒక దుకాణంలో నీలం పూల బొమ్మలున్న పొట్లాలు ముందర పరిచారు. కార్న్‌ఫ్లవర్, లార్క్‌స్పర్, లోబీలియా. ఇవి చల్లదనం కోరే పూలు. మన దగ్గర వానలు తగ్గాక అక్టోబరులో చల్లితే చలికాలంలో పెరిగి, ఎండలు ముదిరేసరికి ముగిసిపోతాయి. లోబీలియా గింజ దుమ్మంత సన్నం. దానిపై మట్టి కప్పకుండా, తడి ఆరకుండా చూసుకోవాలి. లార్క్‌స్పర్ గింజలు విషం, చిన్నపిల్లల చేతికి ఇవ్వరాదు.

ఇంకో పొట్లం మీది బొమ్మ చూసి మాకు నవ్వొచ్చింది. అది శంఖుపువ్వు. మా కోయ ఊళ్ళలో ఎవరూ నాటకుండానే కంచెల మీద పాకే తీగ. నవ్వు వెంటే మనసు చివుక్కుమంది. మా దగ్గర పిచ్చితీగ, ఇక్కడ సరుకు. ఎండబెట్టిన ఆ పూలనే ‘బ్లూ టీ’ పేరుతో గ్రాముల లెక్కన అమ్ముతున్నారు. 1753లో లినేయస్ దానికి పెట్టిన శాస్త్రీయ నామంలో తెర్నాతే అనే ఇండోనేషియా దీవి పేరుంది. మా పిల్లలు ఇంట్లో వినే పేరు మాత్రం బడి పుస్తకంలో లేదు.

ఆ పొట్లం కొనలేదు. ఊరికొచ్చి పిల్లలతో కంచెల మీది కాయలు ఏరించాం. గింజ పెంకు గట్టిది. ఇసుక కాగితం మీద ఒక పక్క రుద్ది, రాత్రంతా నీళ్ళలో నానబెడితే ఉబ్బుతుంది. ఉబ్బనివాటిని మళ్ళీ రుద్దాలి. వేలి కణుపు లోతున పెడితే వారం, రెండు వారాల్లో మొలకలొస్తాయి. మంచి ఎండ, పాకడానికి పందిరి ఉంటే సుమారు రెండు నెలల్లో పూస్తుంది. చిక్కుడు జాతిది కాబట్టి వేళ్ళ బుడిపెలతో నేలకు నత్రజని కూడా ఇస్తుంది.

ఆమ్లాలు, క్షారాల పాఠం వచ్చిన రోజు ఆ పూలను వేడినీళ్ళలో వేశాం. నీళ్ళు నీలమయ్యాయి. నిమ్మరసం పిండితే ఊదారంగు, ఇంకా పిండితే గులాబీ. వంటసోడా వేస్తే ఆకుపచ్చ వైపు తిరిగాయి. ఎప్పుడూ నోరు విప్పని ఒక పిల్ల లేచి, “ఇది మా ఇంటి కంచె మీది పువ్వే” అంది. ఆ రోజు ఆ పిల్ల ఇంకో నాలుగు ప్రశ్నలు అడిగింది.

అంగడి పొట్లాల్లో సంకర రకాలూ ఉంటాయి. వాటి గింజ దాచి చల్లితే తల్లిలాంటి పువ్వే వస్తుందన్న నమ్మకం లేదు. ప్రతిసారీ కొనాల్సిందే. విత్తనాల పండుగ చేసుకున్నాకే విత్తే మాకు కొనడం కొత్త, దాచడం పాత. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం కూడా రైతు తన పంట గింజను దాచుకోవచ్చని, మళ్ళీ విత్తుకోవచ్చని, ఇచ్చిపుచ్చుకోవచ్చని చెప్పింది. ఆ హక్కు నిలవాలంటే పిల్లలకు గింజ దాచే అలవాటు నిలవాలి.

అందుకే మా బడిలో కాయ గోధుమరంగుకు తిరిగి పగలకముందే కోయిస్తున్నాం. నీడలో ఆరబెట్టి, అగ్గిపెట్టెల్లో పోసి, పైన తేదీ, గింజ ఇచ్చిన పిల్ల పేరు, ఇంట్లో ఆ పువ్వును పిలిచే పేరు రాయిస్తున్నాం. ఏడో తరగతి దాటి వెళ్ళేవాళ్ళు తమ పెట్టెను చిన్న తరగతివాళ్ళకు అప్పగించి వెళతారు. మీ బడుల్లోనూ మొదలుపెట్టండి. గింజలు కావాలంటే మేము పంపుతాం.