మా అమ్మాయి యాటకు ముఖచిత్రము

కంప్యూటరులో ఆడు ఆటలనగానే మనలో పెక్కుమందికి తుపాకులును, పరుగులును, పిల్లల చదువు పాడగుటయును జ్ఞప్తికి వచ్చును. నేనును నిన్న మొన్నటివఱకు అట్లే యనుకొనుచుంటిని. మా పెద్దమ్మాయి హైదరాబాదులో మంచి యుద్యోగము మానుకొని, కూడబెట్టిన సొమ్ముతో రెండేండ్లుగా ఇంటనే కూర్చుండి ఒక ఆటను తయారు చేయుచున్నది. దాని ముఖచిత్రము విషయమై మా తల్లీకూతుళ్ల నడుమ జరిగినదానిని మీకు చెప్పవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఆ జాతి యాటలకు సిమ్యులేషన్ అని పేరు. లోకములోని యొక పనిని ఉన్నదున్నట్లుగా అనుకరించుటయే అందలి వినోదము. 1989 లో విల్ రైట్ అను నతడు చేసిన సిమ్‌సిటీ యను ఆటలో పట్టణమును కట్టి పాలింపవలెను. తరువాత లారీలు తోలు ఆటలు, సేద్యపుటాటలు, తుదకు మురికిగోడలను నీటిధారతో కడుగు ఆట కూడ వచ్చినవి. ఇంటిపని చేసి చేసి విసిగిన మనకు ఇది వింతగానే తోచును. కాని పని చక్కగా పూర్తియైనప్పటి తృప్తి మనకు తెలియనిది కాదు గదా! మా అమ్మాయి యాటలో ఫలహారశాల నడపవలెను. రాత్రి పప్పు నానవేయుట, చలికాలమున పిండి త్వరగా పులియదు గనుక ముందుగా రుబ్బుకొనుట, మఱునాడు ఎందఱు వత్తురో ఊహించుట, ఇదియే ఆట. ఎక్కువ రుబ్బినచో పిండి దండుగ. తక్కువ రుబ్బినచో వచ్చినవారు వెనుదిరుగుదురు.

ఈ యాటలను అమ్ము అంగళ్లలో స్టీమ్ అనునది మిక్కిలి పెద్దది. అమెరికాలోని వాల్వ్ అను సంస్థవారు దానిని 2003 లో నెలకొల్పిరి. అచ్చట వేలకొలది యాటలు వరుసలు తీరి యుండును. కొనువారు బొమ్మను చూతురు. నచ్చినచో దానిపై నొక్కి లోపలి పుట తెఱతురు, లేనిచో దాటిపోవుదురు. అమ్మాయి యెంత శ్రమపడి పిండి పులియు లెక్కలు కట్టినను, బొమ్మను దాటిపోయినవారికి అవి యెట్లు తెలియును?

మొదట ఆమె ఒక చిత్రకారునికి పెద్ద మొత్తమిచ్చి ముఖచిత్రము వేయించెను. సాయంసంధ్య, నీలాకాశము, దూరమున ఊరి మేడలు, ముందు వాలుజడతో నొక యందమైన పిల్ల, పైన తీగలవంటి సన్నని యక్షరములతో ఆట పేరు. చిత్రము చూడముచ్చటగా నుండెను. "ఎట్లున్నదమ్మా?" అని యడిగినప్పుడు, "చాల బాగున్నది తల్లీ" అంటిని. అప్పటికే నా మనసున ఇది ప్రేమకథల పుస్తకపు టట్టవలె నున్నదని తోచినది. సొమ్ము చెల్లించివైచినదాని ముందు ఆ మాట యనుటకు నోరు రాలేదు. ఈ కపటము నాది.

నెలలు గడచినను పుట తెఱచువారు బహుకొలది. ఒకనాటి రాత్రి ఆమె మౌనముగా కంప్యూటరు ముందు కూర్చుండగా, నేను వంటయింటి గడప యొద్దనుండి ఆ యంగడి పట్టికను చూచితిని. "నీ బొమ్మ యేదమ్మా?" అని యడుగవలసి వచ్చెను. ఆ పుటలన్నియు ముదురు నీలము. మా నీలాకాశము అందులో కలసిపోయినది. పిల్ల యొక మచ్చ, అక్షరములు గీతలు.

అప్పుడామె నాకు కొలతలు చెప్పెను. ఈ బొమ్మలన్నియు చుక్కల కొలత, మన ముగ్గులవలెననుకొనుడు. పెద్ద చిత్రము 1232 చుక్కల వెడల్పు, 706 చుక్కల యెత్తు. చిన్నది 462 చుక్కల వెడల్పు, 174 యెత్తు. వెదకులాట పట్టికలలో ఆ చిన్నదానినే మఱియు కుదించి 120 చుక్కల వెడల్పున, 45 చుక్కల యెత్తున చూపుదురట. అది బొటనవ్రేలి గోటికంటె ఏమంత పెద్దది? పదునైదు చుక్కల ముగ్గునకు పట్టు స్థలములో రథము ముగ్గు వేయబోయినట్లయినది మా పని.

"ఇందులో ఫలహారశాల యేది?" అని యడిగితిని. ఆమె కొంతసేపు పలుకలేదు. పిదప, "దుకాణము బొమ్మ వేసిన నీకు నామోషీగా నుండునేమో యనుకొంటిని, అమ్మా" అనెను.

సోదరీమణులారా, ఆ మాట నాకు సూటిగా తగిలినది. మా నాయనగారు తెనాలిలో ముప్పదియేండ్లు ఫలహారశాల నడపిరి. నా పెండ్లిమాటలలో అది "వ్యాపారము" అని మాత్రమే చెప్పబడినది. అటుపిమ్మట నేనును అత్తవారింట ఎన్నడును పెనము మాట యెత్తలేదు. కాని పిల్లకు రాత్రులు కథలుగా చెప్పినవన్నియు ఆ దుకాణపు సంగతులే. వానినుండియే ఆమె యాట పుట్టినది. నేను దాచినదానిని ఆమెయు దాచినది.

ఆ రాత్రియే పెన్సిలు తీసికొని నాకు తెలిసిన దుకాణమును గీచితిని. కస్టమరు నిలుచు చోటినుండి కాదు. మా నాయనగారు నిలుచు చోటినుండి. ముందు నల్లని పెనము, దానిపై సగము తిరిగిన దోసె, గరిటె పట్టిన చేయి, ఆవలిప్రక్క వేచియున్న ముగ్గురు. ఆడువాడు తానెక్కడ నిలిచి యేమి చేయవలెనో ఆ చూపులోనే తెలియును. లారీ ఆటలలో పేరుపొందిన యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 ముఖచిత్రమున లారీయే యుండును. ఫార్మింగ్ సిమ్యులేటర్‌వారి చిత్రములలో ట్రాక్టరో కోతయంత్రమో ఎదుట నిలుచును. పనిముట్టును చూపుటకు వారు సిగ్గుపడలేదు. ఆ పనికొఱకే గదా కొనువాడు వచ్చును!

పిమ్మట కష్టము మొదలైనది. నేను చట్నీగిన్నెలు, సాంబారు బకెట్టు, ధరల బోర్డు, చూరుపై కాకి, అన్నియు గీచియుంటిని. అమ్మాయి దానిని తన కంప్యూటరులో రంగులతో దిద్ది కుదించి చూపగా అంతయు కలగూరగంప. ఒక్కొక్కటియే తీసివేసితిమి. కాకి పోయినది, బోర్డు పోయినది. మా నాయనగారి గల్లాపెట్టె తీయుమన్నప్పుడు నాకు కన్నీరు వచ్చినది. అది పెద్ద చిత్రములో మాత్రము నిలిచినది. చిన్నదానిలో పేరే ప్రధానమనియు, చిత్రము నిండ పేరుండవలెననియు అమ్మాయి పట్టుబట్టెను. ఆమెయే ఒప్పు. వెనుక గోడకు పసుపురంగు వేసితిమి. నీలిపుటలో అది దూరమునుండియే కనబడును. నల్లని పెనముపై తెల్లని పిండి గోరంత బొమ్మలోను పోలికపట్టును.

ప్రక్కన ఒక మెప్పుమాట వ్రాయుదమా యంటిని. అట్లు కూడదట. 2022 సెప్టెంబరు 1 నుండి ముఖచిత్రమున ఆట పేరు, చిత్రము తప్ప పొగడ్తలు, బహుమతుల పేర్లు, ధర తగ్గింపులు వ్రాయరాదని ఆ యంగడివారి నియమము. మన చీరల దుకాణములకును ఇట్టి నియమమున్న బాగుండును!

పూర్వమింత నియమము లేదు. 1977 లో అటారీ వారి ఆటలు అమ్మకమునకు వచ్చినప్పుడు, అట్టపెట్టెలపై క్లిఫ్ స్పోన్ మొదలగు చిత్రకారులు గొప్ప వర్ణచిత్రములు వేసిరి. లోపల తెరపై కదలునవి చదరపు ముక్కలే. ఆనాటి యంత్రములకు అంతకంటె శక్తి లేదు గావున మిగిలినది ఊహించుకొనుటకు ఆ చిత్రము తోడ్పడెను. నేడు ముఖచిత్రము ప్రక్కనే ఆటలోని దృశ్యములును చూపుదురు. అదియు గాక, స్టీమ్‌లో కొన్న 14 దినములలోపల, రెండు గంటలకంటె తక్కువ ఆడియున్నచో సొమ్ము తిరిగి యడుగవచ్చునని 2015 నుండి యేర్పాటు కలదు. సంధ్యాకాశమును చూచి ప్రేమకథ యనుకొని కొన్నవాడు పప్పు నానవేయుమనగానే తిరిగి యిచ్చివేయడా?

క్రొత్త చిత్రము పెట్టి మూడు వారములైనది. ఆట యింకను విడుదల కాలేదు. పుట తెఱచువారు మునుపటికంటె హెచ్చిరని అమ్మాయి చెప్పుచున్నది. అది సంసారమునకు చాలునో చాలదో ఇప్పుడే చెప్పజాలము. మా వారు మాత్రము చిత్రమును చూచి, "ఇది మీ నాయనగారి దుకాణమే కదా" అనిరి. అవునంటిని.

మొన్న మెల్‌బోర్నునుండి ఒక తెలుగామె ఆ పుటలో వ్రాసినది: పెనము చూడగానే ఆగితిననియు, పెసరట్టు కలదా, దానికి అల్లపుపచ్చడి యిత్తురా యనియు. ఆటలో పెసరట్టే లేదు. అమ్మాయి నిన్నటినుండి దానిని చేర్చు పనిలో నున్నది. శేరు పెసలకు నానుటకెంతసేపు, పచ్చడికి చింతపండెంత, బెల్లమెంత యని గంటకొకసారి వంటయింటిలోనికి వచ్చి యడిగి వ్రాసికొనుచున్నది.