మంచి బట్టలు ఎప్పుడు వేసుకోవాలి?

ఈ నెల గోడపత్రికలో చెట్ల గురించి, పరిశుభ్రత గురించి ఎవరో ఒకరు తప్పకుండా రాస్తారు. అందుకని నేను బట్టల గురించి రాస్తున్నాను.

మన హాస్టల్లో ఎవరి ట్రంకుపెట్టె తెరిచినా ఒకటే సరుకు. రెండు నిక్కర్లు, వెనుక నంబరు వేసిన ఒక బనియను, ఒక లుంగీ, అన్నిటికీ అడుగున మడత పెట్టిన యూనిఫాం. బడి గంట లేనప్పుడు మనం నిక్కరు, బనియను మీదే తిరుగుతాం. కాని సెలవుల్లో చుట్టాల పెళ్ళికి పోవాలన్నా, జాతరకు పోవాలన్నా యూనిఫామే వేసుకుంటాం. పట్నం పిల్లలు చూస్తే నవ్వుతారేమో. మనకు దర్జీ కుట్టిన జత అదొక్కటే మరి. కొలత ఒకరిది తీసుకుని ఇంకొకరికి కుట్టినట్టు ఉంటుంది, అది వేరే సంగతి.

పదో తరగతి దాటినాక ఆ యూనిఫాం కూడా పోతుంది. అప్పుడు వస్తుంది అసలు చిక్కు. ఉద్యోగాల మేళా అని ఫోనుకు మెసేజి వస్తుంది. దాని చివర "ఫార్మల్ డ్రెస్సులో రావలెను" అని ఉంటుంది. అంటే చొక్కా లోపలికి దోపాలి, బెల్టు పెట్టాలి, నల్ల బూట్లు ఉండాలి. సర్కారు కొలువుల్లో ఈ బాధ కొంత తగ్గింది. కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 1 నుంచి గ్రూప్-సి, గ్రూప్-డి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు తీసేసింది. మన తెలంగాణలో 2022లో గ్రూప్-1, గ్రూప్-2కు కూడా తీసేశారు. ప్రైవేటు వాళ్ళు మాత్రం మనిషిని చూడనిదే తీసుకోరు.

మా అన్నకు అట్లాంటి మెసేజి వచ్చింది. ఇంట్లో ఉన్న డబ్బులతో ఒక తెల్ల చొక్కా, నల్ల పాంటు కొన్నాడు. బూట్లు స్నేహితునివి, బెల్టు మా బావది. ఇస్త్రీ మాత్రం మన హాస్టల్ పద్ధతే. చెంబులో నిప్పులు వేసి చొక్కా రుద్దాడు. పాంటు మడత రాత్రంతా పరుపు కింద పెట్టి పడుకున్నాడు. భద్రాచలంలో మొదటి ఇంటర్వ్యూ శుక్రవారం. బాగానే అయ్యింది, సోమవారం మళ్ళీ రమ్మన్నారు. బయటికి రాగానే ఫోను. తాత పోయాడని.

మా ఊరు చర్ల రోడ్డులో దిగి లోపలికి నడవాలి. మా ఊళ్ళో చావుకు బతికున్నవాళ్ళు మంచి బట్టలు కట్టుకుని రారు. పోడులో ఉన్నవాడు గొడ్డలి భుజాన ఉండగానే వస్తాడు. పశువుల దగ్గర ఉన్నవాడు కర్రతోనే వస్తాడు. కొత్త బట్ట పోయిన మనిషికే. చుట్టమైన ప్రతి ఇంటివాళ్ళూ ఒక బట్ట తెచ్చి శవం మీద కప్పుతారు. టీవీలో చూస్తే పెద్దవాళ్ళ చావుకు వచ్చినవాళ్ళంతా ఇస్త్రీ చేసిన తెల్ల బట్టల్లో ఉంటారు. వాళ్ళకు అదే మర్యాద. మాకు ఉన్నవాడు ఉన్నట్టు రావడమే మర్యాద, ఆలస్యం చేయడమే తప్పు.

అన్న బట్టలు మార్చుకోవడానికి ఆగలేదు. దోపిన చొక్కా, బూట్లు, చేతిలో ఫైలుతో అట్లాగే వచ్చాడు. నేను అక్కడే డోలు కొట్టేవాళ్ళ పక్కన నిలబడి ఉన్నాను. పొద్దు వాలింది, మొహం సరిగ్గా ఆనడం లేదు. ముందు కూర్చున్న ముసలివాళ్ళు లేచి దారి ఇచ్చారు. మా మేనత్త ఏడుపు ఆపి కొంగు సర్దుకుంది. ఎవరో పరుగెత్తి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశారు. సర్వేకు వచ్చిన సారు అనుకున్నారట! సొంత తాత చావులో మా అన్నకు కుర్చీ వేశారు.

అన్న ఒక్క నిమిషం ఆ కుర్చీని చూశాడు. బూట్లు విప్పి దాని కింద పెట్టాడు, ఫైలు దాని మీద పెట్టాడు. చొక్కా బయటికి లాగి, పాంటు మోకాళ్ళ దాకా మడిచాడు. అప్పుడు మేనత్త, "నువ్వా బిడ్డా, నువ్వు వచ్చినవా" అని మెడ పట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు ఇంకా నా చెవిలో ఉంది.

పాడె మోసేటప్పుడు పసుపు చొక్కా భుజానికి అంటింది. శనివారం పొద్దున అవ్వ సబ్బు పెట్టి రుద్దితే మరక ఎర్రగా మారింది. ఇల్లంతా భయపడ్డది, తాత కోపగించుకున్నాడని అవ్వ అన్నది. నేను చెప్పాను, అవ్వా, అది సైన్సు, పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడుతుంది, సబ్బు క్షారం కాబట్టి. నీళ్ళతో బాగా జాడిస్తే మళ్ళీ పసుపు రంగుకు వచ్చింది. రెండు రోజులు ఎండలో వేస్తే చాలావరకు వెలిసింది. కొద్దిగా మిగిలింది. అన్న అదే వేసుకుని సోమవారం పోయాడు. ఉద్యోగం వచ్చింది. హైదరాబాదులో సామాన్ల గోదాములో పని. చేరిన రోజే కంపెనీ పేరున్న గుండ్రని మెడ టీషర్టు ఇచ్చి, రోజూ ఇదే వేసుకోవాలన్నారట. బూట్లు ఎందుకు అడిగారో ఎవరికీ తెలియదు.

ఇది సోషల్ సారుకు చెప్తే ఆయన ఒక సంగతి చెప్పారు. గాంధీగారు 1921 సెప్టెంబరులో మధురైలో కొల్లాయి కట్టడం మొదలుపెట్టారు. 1931లో లండన్ పోయి జార్జి రాజును ఆయన రాజభవనంలో కలిసినప్పుడు కూడా కొల్లాయి, శాలువాతోనే పోయారు. అదే ఏడాది అదే రౌండ్ టేబుల్ సమావేశానికి అంబేద్కర్ గారు కోటు వేసుకుని వచ్చారు. అంటరానివాడని దూరం పెట్టినవాళ్ళ ముందు ఆ కోటు వేసుకోవడం ఎందుకో నాకు సారు చెప్పకుండానే అర్థమైంది. మన ఆదివాసీల నుంచి జైపాల్ సింగ్ ముండా ఉన్నారు. 1928 ఒలింపిక్స్ హాకీ జట్టుకు కెప్టెన్, ఆక్స్‌ఫర్డులో చదివిన మనిషి. ఫోటోల్లో కోటు, టైలో ఉంటారు. 1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో లేచి, నన్ను జంగ్లీ అంటారు, ఆ పేరుకు నేను గర్వపడుతున్నాను అనే అర్థంలో మాట్లాడారు. కోటు వేసుకున్నంత మాత్రాన ఆయనకు ఎవరూ కుర్చీ వేసి దూరం కూర్చోబెట్టలేదని నా ఊహ. మా ఊళ్ళో ఎందుకు వేశారంటే, అట్లాంటి బట్టల్లో అప్పటిదాకా మా ఇంటి మనిషిని వాళ్ళు చూడలేదు కాబట్టి.

ఇప్పుడు అసలు విషయం. అన్న ఆ తెల్ల చొక్కా, నల్ల పాంటు మనకు పంపించాడు. ఇంటర్ అన్నలతో మాట్లాడి, స్టోర్‌రూంలో ఒక పాత ట్రంకుపెట్టె ఇమ్మని వార్డెన్ సారును అడిగాం, సరే అన్నారు. ఇంటర్వ్యూకు పోయే పూర్వ విద్యార్థులు ఎవరైనా అందులోంచి తీసుకుని, ఉతికి తిరిగి పెట్టాలి. ఇప్పటికి చొక్కాలు మూడు, పాంట్లు రెండు, బెల్టు ఒకటి ఉన్నాయి. బూట్లు 9 సైజు ఒక్క జతే. మనవాళ్ళలో ఎక్కువమందికి 7 సరిపోతుంది. ఎవరి ఇంట్లోనైనా ఉంటే పండుగ సెలవుల తర్వాత తీసుకురండి. భుజం మీద పసుపు మరక ఉన్న చొక్కాను దయచేసి ఎవరూ సబ్బు పెట్టి గట్టిగా రుద్దకండి.