మబ్బు కింద పడవ పందెం

1952లో అలప్పుళలో నెహ్రూ ఎదుట మొదలైన పాము పడవల పందెం ఇప్పటికీ ఎక్కువగా ఆగస్టు మబ్బుల కిందే సాగుతుంది. కెమెరా సంచి సర్దుకునేవాళ్లు ముందు తలచుకోవాల్సింది ఆ మబ్బునే అనిపిస్తుంది. వంద అడుగులు దాటిన పడవలో తెడ్లన్నీ ఒక్కసారిగా లేచినప్పుడు, వాటి అంచున జారే చుక్కలు విడివిడిగా నిలవాలంటే షట్టర్ సెకనులో 2000వ వంతుకు అటూ ఇటూగా మూసుకోవాలి. అంత చిన్న వ్యవధిలో చాలినంత వెలుగును లోపలికి తెచ్చేది లెన్సు. అందుకే డబ్బు బాడీ మీదకన్నా లెన్సు మీద పెట్టడమే నాకు సబబుగా తోస్తుంది.

ఐఎస్ఓ పెంచితే సరిపోదా అంటారు. నిజమే, నేటి సెన్సర్లు చాలా ఓర్చుకుంటాయి. కానీ తెడ్డు వేసేవాడి తడి భుజం మీది మెరుపు, బిగిసిన కండరపు గీత ముందుగా చెరిగిపోయేది ఐఎస్ఓ పెంచినచోటే. లెన్సును ఎఫ్ 2.8 దాకా తెరిస్తే మొదటి ముఖం తప్ప మిగతావి మసకబారతాయన్న అభ్యంతరం ఇంకా బలమైనది. అయితే అది ఎదురుగా వచ్చే పడవకు వర్తించినంతగా పక్కనుంచి సాగే పడవకు వర్తించదు. అయినా ప్రతి చుక్కనూ గడ్డకట్టించి తీరాలా? షట్టర్‌ను 60వ వంతుకు దించి, పడవతోపాటే కెమెరానూ తిప్పితే నీరు చారలు చారలుగా పారుతుంది, పడవ వెనుక కొసన, అమరం దగ్గర నిలబడ్డవాడి ముఖం మాత్రం తేటగా మిగులుతుంది. దానికైతే మామూలు లెన్సే చాలు.