వింబుల్డన్‌లో ఇంకో ఆట

వింబుల్డన్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది టెన్నిస్. తెల్లబట్టలు, పచ్చగడ్డి, జూలై మొదటి వారం టీవీలు. ఈ పూట దాన్ని కాస్త పక్కన పెట్టండి. లండన్‌కు నైరుతి దిక్కున ఉన్న ఆ పేటలోనే ప్లౌ లేన్ అని ఒక వీధి ఉంది. నా కబుర్లన్నీ ఆ వీధివే. తీరిగ్గా కూర్చోండి, మధ్యలో లేచిపోయే కథ కాదిది.

1889లో పుట్టిన ఫుట్‌బాల్ క్లబ్బు అక్కడ ఉండేది. ఎనభై ఏళ్లకు పైగా చిన్న లీగుల్లోనే ఆడింది. 1977లో పెద్ద లీగులో అడుగుపెట్టి, 1986కల్లా దేశంలోని మొదటి డివిజన్‌కు ఎక్కేసింది. ఆటలో నాజూకు లేదని, మొరటుగా ఆడతారని పెద్ద క్లబ్బులవాళ్లు మూతి విరిచేవారు. ‘క్రేజీ గ్యాంగ్’ అని పేరు పడిపోయింది. 1988 మేలో ఎఫ్.ఎ. కప్ ఫైనల్‌కు వచ్చారు. ఎదురుగా ఉన్నది ఆ ఏటి లీగ్ విజేత లివర్‌పూల్. లారీ సాంచెజ్ తలతో ఒక గోల్ కొట్టాడు. తర్వాత లివర్‌పూల్‌కు పెనాల్టీ దొరికింది. జాన్ ఆల్డ్రిడ్జ్ కొట్టిన ఆ బంతిని గోల్‌కీపర్ డేవ్ బెసంట్ ఆపేశాడు. వెంబ్లీలో జరిగిన ఎఫ్.ఎ. కప్ ఫైనల్లో పెనాల్టీ ఆగడం అదే మొదటిసారి. 1-0తో కప్పు ప్లౌ లేన్‌కు వచ్చింది.

అక్కడితో ఆగితే ఎంత బావుండేది!

హిల్స్‌బరో స్టేడియంలో జనం నలిగి చనిపోయిన దుర్ఘటన తర్వాత పెద్ద డివిజన్ల స్టేడియాల్లో అందరికీ కుర్చీలు ఉండాలన్న నిబంధన వచ్చింది. పాత ప్లౌ లేన్‌ను అలా మార్చడం కుదరదనుకున్నారు. 1991లో క్లబ్బు, క్రిస్టల్ ప్యాలెస్ అనే ఇంకో క్లబ్బు మైదానమైన సెల్‌హర్స్ట్ పార్క్‌లో అద్దెకు చేరింది. కొన్నాళ్లకే అనుకున్నది పదేళ్లు దాటింది. ఈలోగా పాత మైదానం అమ్ముడుపోయింది, యజమానులూ మారారు. ఆ కొత్త యజమానులు ఏమన్నారో వినండి: క్లబ్బును 90 కిలోమీటర్ల అవతల ఉన్న మిల్టన్ కీన్స్ పట్టణానికి తీసుకుపోతామన్నారు! మన ఊరి రామాలయంలో విగ్రహాలను ఎత్తి ఇంకో జిల్లాలో ప్రతిష్ఠిస్తాం, భక్తులు కావాలంటే అక్కడికే రండి అంటే ఎలా ఉంటుంది?

అభిమానులు ఏళ్ల తరబడి మొరపెట్టుకున్నారు. 2002 మే 28న ఫుట్‌బాల్ సంఘం వేసిన ముగ్గురు సభ్యుల కమిషన్ 2-1 తేడాతో తరలింపునకు ఒప్పుకుంది. వింబుల్డన్ పేరుతో ఇంకో క్లబ్బు పెట్టుకోవడం ఫుట్‌బాల్ విశాల ప్రయోజనాలకు మంచిది కాదన్న ముక్క కూడా ఆ నివేదికలో ఉంది. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఎవరి ప్రయోజనం?

రెండు రోజులు తిరక్కుండానే అభిమానులు సమావేశమై కొత్త క్లబ్బు పెట్టేశారు. దాని పేరు ఎ.ఎఫ్.సి. వింబుల్డన్. జూన్ నెలాఖరులో వింబుల్డన్ కామన్ అనే పెద్ద మైదానంలో, ఆడగలననుకున్న ఎవరైనా రావచ్చని పిలిచి ఆటగాళ్లను ఎంచుకున్నారు. రెండు వందల మందికి పైగా వచ్చారు. జూలై 10న సటన్ యునైటెడ్‌తో మొదటి స్నేహపూర్వక మ్యాచ్ 4-0తో ఓడిపోయారు. చూడటానికి నాలుగు వేలకు పైగా జనం! ఆ ఏడాదే పాత క్లబ్బు సెల్‌హర్స్ట్ పార్క్‌లో రోదరమ్‌తో లీగ్ మ్యాచ్ ఆడితే వచ్చినవాళ్లు 849 మంది. క్లబ్బు ఎక్కడుందో చెప్పడానికి కమిషన్ అక్కర్లేదు, ఈ లెక్క చాలు.

కొత్త జట్టు మొదలైంది లీగుల నిచ్చెనలో తొమ్మిదో మెట్టు నుంచి. 2003 నుంచి 2004 దాకా వరసగా 78 లీగ్ మ్యాచ్‌ల్లో ఓటమన్నది లేదు. 2011 మేలో లూటన్‌పై పెనాల్టీల్లో గెలిచి పెద్ద లీగులోకి వచ్చేశారు. తొమ్మిది సీజన్లలో ఐదు ప్రమోషన్లు. ఎక్కువ వాటా అభిమానుల ట్రస్టుదే.

కానీ ఒక సంగతి దాస్తే ఈ కథకు అన్యాయం చేసినట్టే. అన్నాళ్లూ వాళ్లు ఆడింది కింగ్స్‌మెడో అనే మైదానంలో. అసలు అది కింగ్‌స్టోనియన్ అనే చిన్న క్లబ్బు ఇల్లు. వింబుల్డన్‌వాళ్లు లీజు కొన్నాక కింగ్‌స్టోనియన్ వాళ్లకే అద్దెదారైంది. తర్వాత ప్లౌ లేన్‌కు తిరిగి వెళ్లాలన్న కల కోసం ఆ మైదానాన్ని చెల్సీకి అమ్మారు. 2017లో కింగ్‌స్టోనియన్ వేరే నీడ వెతుక్కోవాల్సి వచ్చింది. ఇల్లు పోగొట్టుకోవడమంటే ఏమిటో తెలిసినవాళ్ల చేతుల్లోనే ఇది జరిగింది. వాళ్లను ఎంత ఇష్టపడినా ఇది నాకు మింగుడుపడదు.

మిల్టన్ కీన్స్‌కు వెళ్లిన క్లబ్బు 2004లో ఎం.కె. డాన్స్‌గా పేరు మార్చుకుంది. ‘డాన్స్’ అన్నది వింబుల్డన్‌వాళ్ల ముద్దుపేరు. దాన్నీ పట్టుకుపోయారని అభిమానుల బాధ. అందుకే వాళ్ల నోట ఆ పేరు రాదు, ఉత్త ‘మిల్టన్ కీన్స్’ అంటారు. 2017లో ఇద్దరూ తలపడినప్పుడు స్కోర్‌బోర్డు మీద కూడా అలాగే రాశారు. దానికి లీగు అధికారులు వింబుల్డన్‌వాళ్ల మీద అభియోగం మోపారు కూడా! అయితే అవతలివాళ్లు 2007లో ఒక మంచి పని చేశారు. 1988 కప్పుతో సహా పాత గుర్తుల మీద హక్కు వదులుకుని, వాటిని వింబుల్డన్ ఉన్న మెర్టన్ బరోకు అప్పగించారు.

పాత ప్లౌ లేన్ స్థలంలో ఇప్పుడు ఫ్లాట్లున్నాయి. దానికి కూతవేటు దూరంలో, ఒకప్పుడు వేటకుక్కల పందేలు జరిగిన చోట కొత్త స్టేడియం కట్టారు. డబ్బు చాలకపోతే బయటి పెట్టుబడిదారులకు వాటా అమ్ముదామన్న మాట వచ్చింది. అప్పుడు అభిమానులే బాండ్లు కొని యాభై లక్షల పౌండ్లకు పైగా పోగేశారు. వాటా చేయి దాటలేదు. 2020 నవంబర్ 3న మొదటి మ్యాచ్, డాంకాస్టర్‌తో 2-2. కోవిడ్ ఆంక్షల వల్ల ఆ బాండ్లు కొన్నవాళ్లకే లోపలికి ప్రవేశం లేదు!

2024 సెప్టెంబర్‌లో అదే మైదానంలో మిల్టన్ కీన్స్‌ను 3-0తో ఓడించారు. సంబరం చల్లారకముందే పక్కనున్న వాండిల్ నది పొంగి, పిచ్ ఒకచోట కుంగిపోయింది. న్యూకాజిల్‌తో అక్కడ జరగాల్సిన కప్ మ్యాచ్‌ను న్యూకాజిల్‌కే తరలించాల్సి వచ్చింది. అయినా ఆ సీజన్ చివర, 2025 మేలో, వెంబ్లీలో వాల్సాల్‌ను 1-0తో గెలిచి మూడో డివిజన్‌కు ఎక్కారు.

మీ పిల్లలో చుట్టాలో లండన్‌లో ఉంటే, వాళ్లను చూడటానికి వెళ్లినప్పుడు ఒక శనివారం మధ్యాహ్నం ఖాళీ పెట్టుకోండి. హేడన్స్ రోడ్ స్టేషన్లో దిగితే ప్లౌ లేన్‌కు నడిచి వెళ్లిపోవచ్చు. నీలం, పసుపు చొక్కాల వెనకే నడవండి. దారి ఎవరినీ అడగక్కర్లేదు.