గూడూరులో అవ్వ చీల్చిన కాకిబంగారం

తిరుపతిలో రైలెక్కితే రేణిగుంట, శ్రీకాళహస్తి, వెంకటగిరి దాటాక గూడూరు జంక్షన్ వస్తుంది. ఇప్పుడు ఊరి పేరు చెబితే నిమ్మకాయల మార్కెట్ గుర్తొస్తుంది కానీ, మా అవ్వా తాతల కాలంలో గూడూరంటే మైకానే. అదే అభ్రకం. కాకిబంగారం అని కూడా అంటారు. అవ్వ పెళ్లికి ముందు నుంచీ మైకా షెడ్డులో కత్తితో రేకులు చీల్చే పని చేసింది.

నేనొచ్చింది మాత్రం తాత యాంప్లిఫయర్ కోసం. 1980ల్లో అసెంబుల్ చేయించుకున్న పెట్టె అది. మామ దాన్ని పాత సామాన్లోళ్లకి వేసేస్తానంటున్నాడు. ఫోన్ తగిలించి ఒక్క పాట గట్టిగా వినిపిస్తే మనసు మార్చుకుంటాడని నా ఆశ.

ఆ హడావిడిలో స్విచ్చి ఆపకుండానే స్పీకర్ వైర్లు పెట్టేశా. ఎర్ర టెర్మినల్లో పెట్టిన వైరు పోగొకటి పక్కనున్న నల్లదానికి తగిలింది. టప్‌మంది. కుడి స్పీకరు మూగబోయింది.

"ఏందబ్బయ్యా ఆ తొందర? వైరు కొస మెలేసి గదా పెట్టాల!" అన్నాడు తాత. అంతకు మించి తిట్టలేదు, నాకదే ఇంకా సిగ్గేసింది.

మూత తీస్తే 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు రెండు కాలిపోయున్నాయి. కొత్తవి నెల్లూరు వెళ్లి తెచ్చా. కానీ ఊడదీసేటప్పుడు వాటి కిందున్న మైకా రేకులు విరిగిపోయాయి. ఆ ట్రాన్సిస్టర్ ఒంటికే కరెంటు ఉంటుంది. దాన్ని నేరుగా అల్యూమినియం హీట్ సింక్‌కి బిగిస్తే షార్టే. మధ్యలో మైకా ఉంటే వేడి దాటుతుంది, కరెంటు దాటదు.

అవ్వ ట్రంకుపెట్టెలోంచి ఆకుపచ్చ ఛాయ ఉన్న మైకా ముక్క తీసింది. కత్తిమొన అంచున పెట్టి, అలా తిప్పిందంతే, ఉల్లిపొర లాంటి రేకు లేచొచ్చింది. చేతులు వణుకుతాయని కాఫీ గ్లాసు కూడా రెండు చేతుల్తో పట్టుకునే మనిషి!

"మేం చీల్చిందంతా ఓడెక్కి పొయ్యేది. ఇంట్లోకి ఇప్పుడొచ్చింది" అంది.

తాత పాత రేకు కొలతకి కత్తిరించి, బెజ్జాలు వేసి, రెండు వైపులా తెల్ల పేస్టు రాసి బిగించాడు. పాట పెట్టాం. రెండు వైపులా పలికింది కానీ, బేస్ లేదు. గొంతు ఎటు నుంచి వస్తుందో తెలీడం లేదు.

"ఒకటి తిరగబడింది" అన్నాడు తాత. వైర్లు పీకించి, పెన్సిల్ సెల్లు ఒకటి తెమ్మన్నాడు. స్పీకరు ప్లస్‌కి సెల్లు ప్లస్, మైనస్‌కి మైనస్ క్షణం పాటు తగిలిస్తే కోను బయటికి రావాలి. ఎడమది వచ్చింది. కుడిది లోపలికి పోయింది. ఎప్పుడో రిపేరులో దాని లోపల వైర్లు మార్చేశారన్నమాట. ఒకటి ముందుకి తోస్తుంటే ఇంకోటి వెనక్కి లాగితే బేస్ ఎక్కడ మిగులుతుంది! కుడిదాని వైర్లు అటూ ఇటూ మార్చాం, ఈసారి స్విచ్చి ఆపే ఉంచి.

మళ్లీ పాట పెడితే గొంతు సరిగ్గా రెండు స్పీకర్ల నడుమ, అవ్వ కుర్చీకి ఎదురుగా నిలబడింది.

మామ గుమ్మంలోనే నిలబడి పాటంతా విన్నాడు. తర్వాత, "సరే, ఆ తుప్పు పట్టిన సైకిలైనా వేసేద్దామా?" అన్నాడు.